వకీలు పేరు చాటున కంపెనీ కాగితాలు

న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య నడిచే సంభాషణను చట్టం ఎందుకు గోప్యంగా ఉంచుతుందో గత నెల ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. మనిషిని కాపాడడానికి పుట్టిన ఆ గోప్యతను పెద్ద కంపెనీలు తమకు చేటు తెచ్చే సాక్ష్యం కోర్టు కంట పడకుండా దాచడానికి వాడుకుంటే దిక్కేమిటి? ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను పక్కనపెట్టి, ఈ ఒక్క విషయానికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది మూడు తరాలుగా పొగాకు పండించిన కుటుంబం. బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ చేసి, బేళ్లు కట్టి, వేలం కేంద్రానికి తోలడం వరకే మాకు తెలుసు. అమెరికాలో సిగరెట్ కంపెనీలు జబ్బులకు సంబంధించిన పరిశోధనలను వకీళ్ల దగ్గర దాచిపెట్టాయని మా అబ్బాయి చదివి చెప్పాడు. శాస్త్రవేత్త రాసిన కాగితం వకీలు రహస్యం ఎలా అవుతుంది? ఆ పాపంలో మాకూ వాటా ఉన్నట్టేనా? - ఒక రైతు, ఒంగోలు

జవాబు: శాస్త్రవేత్త కాగితం వకీలు రహస్యం కాకూడదు. అవుతుందని వాదించి, ఆ కంపెనీలు దశాబ్దాల పాటు నెట్టుకొచ్చాయి. అమెరికా సివిల్ దావాల పద్ధతిలో, విచారణ మొదలు కాకముందే ఉభయపక్షాలూ వివాదానికి సంబంధించిన కాగితాలను ఎదుటివారికి అప్పగించాలి. తమ కేసును ముంచే కాగితమైనా సరే, అడిగితే ఇవ్వవలసిందే. దీన్ని డిస్కవరీ అంటారు. దానికి ఉన్న పెద్ద మినహాయింపు, న్యాయసలహా కోసం కక్షిదారుకూ న్యాయవాదికీ మధ్య రహస్యంగా నడిచిన సంభాషణ. ఈ మినహాయింపు కోరే పక్షం కాగితం తేదీ, రాసినవారు, అందుకున్నవారు, దాచడానికి కారణం చూపుతూ ఒక జాబితా ఇస్తుంది. లోపల ఏముందో ఎదుటివారికి తెలియదు. ఆ జాబితాలో వేలకొద్దీ కాగితాలు చేర్చితే, ఒక్కొక్కదాన్నీ సవాలు చేసే డబ్బు గానీ ఓపిక గానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషికి ఎక్కడివి? కంపెనీల బలమంతా అక్కడే ఉంది.

1954 జనవరి 4న సిగరెట్ కంపెనీలు అమెరికాలోని 400కు పైగా పత్రికల్లో ఒక ఉమ్మడి ప్రకటన వేయించాయి. వ్యాపారంలోని ఏ ఇతర ఆలోచన కన్నా ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమని, పొగతాగడం వల్ల కలిగే ఫలితాలపై పరిశోధనకు సాయపడతామని అందులో మాట ఇచ్చాయి. అప్పుడు ఏర్పడిన పరిశోధక సంఘమే 1964లో కౌన్సిల్ ఫర్ టొబాకో రీసెర్చ్ అని పేరు మార్చుకుంది. పైకి చూస్తే అది శాస్త్రవేత్తల సంస్థ. అయితే ‘స్పెషల్ ప్రాజెక్టులు’ అనే పేరుతో నడిచిన కొన్ని పరిశోధనలకు ఎవరిని ఎంచుకోవాలో, ఎంత డబ్బు ఇవ్వాలో కంపెనీల న్యాయవాదులే తేల్చేవారు. 1981లో ఆ న్యాయవాదులు కలిసి కూర్చున్న సమావేశపు నోట్సు తరువాత కోర్టుకు చేరింది. సంస్థ శాస్త్రీయ డైరెక్టరుకు నచ్చిన పరిశోధన సంస్థ పద్దులో పడుతుందని, నచ్చనిది వకీళ్ల ప్రాజెక్టు అవుతుందని, దాన్ని బయట పెట్టకుండా వకీళ్ల కింద భద్రం చేయాలనుకున్నామని అందులో ఉంది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. పరిశోధనకు ఆ కొందరు న్యాయవాదులు చేసిన సాయం న్యాయసలహా కాదు. వారు దానికి తాళంకప్ప అయ్యారు, అంతే.

న్యూజెర్సీలోని ఫెడరల్ జడ్జి హెచ్. లీ సరోకిన్ 1992 ఫిబ్రవరిలో ఈ నోట్సును, దానిలాంటి మరికొన్ని కాగితాలను చూసి, మోసాన్ని కొనసాగించడానికి వాడుకున్న సంభాషణకు గోప్యత వర్తించదన్న సూత్రం కింద వాటిని బయటపెట్టాలని ఆదేశించారు. పొగాకు పరిశ్రమను దాపరికానికీ తప్పుడు సమాచారానికీ రాజు అనదగినదిగా ఆయన తన తీర్పులో వర్ణించారు. అదే ఏడాది సెప్టెంబరులో పైకోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసి, ఆయన మాటలు నిష్పాక్షికత మీద అనుమానానికి తావిస్తున్నాయంటూ కేసును ఆయన చేతినుంచి తప్పించింది. తీర్పులో ఆయన కోపాన్ని కొంత అణచుకుని ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. ఆ కోపానికి కారణమైన విషయంలో మాత్రం ఆయన పొరబడలేదని తరువాతి సంవత్సరాలు రుజువు చేశాయి.

మినెసోటా రాష్ట్రం 1994లో వేసిన దావాలో ఆ తాళం ఊడింది. కంపెనీలు అక్కడ అప్పగించిన కాగితాలు కోట్ల పేజీలు. గోప్యం అంటూ ఆపేసిన వాటిని విడివిడిగా కాకుండా రకాలవారీగా విభజించి, ప్రతి రకం నుంచీ కొన్ని నమూనాలు ఒక ప్రత్యేకాధికారి చేత చదివించే పద్ధతిని జడ్జి కెన్నెత్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనుసరించారు. 1998 మార్చిలో సుమారు 39,000 పత్రాలను అప్పగించమని ఆదేశించారు. కంపెనీలు దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఏప్రిల్ 6న అక్కడా ఊరట దొరకలేదు. అదే నెలలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక కమిటీ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. మే 8న, జ్యూరీ తీర్పు చెప్పకముందే, కంపెనీలు మినెసోటా రాష్ట్రానికి 600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించేందుకు రాజీ పడ్డాయి. ఇప్పుడు ఆ పరిశ్రమ లోపలి పత్రాలు కోటికి పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా ఎవరైనా చదువుకోవచ్చు. మీ అబ్బాయి చదివినవి బహుశా వాటి ఆధారంగా రాసినవే అయి ఉంటాయి.

2006 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్, అమెరికా ప్రభుత్వం ఈ కంపెనీలపై వేసిన కేసులో 1,683 పేజీల తీర్పు రాశారు. ఆ మోసాన్ని నిర్మించడంలో, నిలబెట్టడంలో అడుగడుగునా న్యాయవాదులది కేంద్రస్థానమని చెప్పి, గౌరవప్రదమైన వృత్తి చరిత్రలో ఇది విచారకరమైన అధ్యాయమని బాధపడ్డారు. న్యాయవాద వృత్తిలో ఉన్నవారు ఆ తీర్పులోని ఆ కొన్ని పేజీలైనా చదవాలని నా కోరిక.

మీ రెండో ప్రశ్న గురించి. తెలిసి దాచినవారిదే తప్పు. వేలం కేంద్రంలో బేలు దింపిన రైతుకు న్యూయార్క్ న్యాయవాదుల బీరువాలో ఏముందో తెలిసే దారి లేదు. మీరు ఆ భారం మోయనక్కర్లేదు.

ప్రశ్న: నేను అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. పోటీ సంస్థల గురించి గానీ, ఒప్పందాల్లో వచ్చే ఆదాయం గురించి గానీ ఈమెయిల్ రాసేటప్పుడు మా లీగల్ విభాగంలోని ఒకరిని సీసీలో పెట్టి, పైన ‘న్యాయవాది–కక్షిదారు గోప్యం’ అని రాసి, చివర ‘మీ సలహా కోరుతున్నాను’ అనే వాక్యం చేర్చమని మాకు శిక్షణలో చెప్పారు. ఆ న్యాయవాది ఒక్కసారైనా జవాబు ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. ఇది సక్రమమేనా? - ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నిజంగా న్యాయసలహా కావలసి అడిగితే సక్రమమే. సలహా అక్కర్లేకుండా, రేపు ఏ కోర్టు అడిగినా ఈ కాగితం ఇవ్వకుండా ఉండాలన్న ఉద్దేశంతో మాత్రమే ఆ మాటలు చేర్చితే, అది గోప్యత కాదు, గోప్యత వేషం. ఈమెయిల్ తలపై ఏ ముద్ర ఉందన్నది కోర్టు చూడదు. అది ప్రధానంగా ఎందుకు రాశారన్నదే చూస్తుంది. వ్యాపార నిర్ణయం కోసం రాసినదైతే, పది మంది న్యాయవాదులకు ప్రతి పంపినా అది వ్యాపార లేఖే.

మీరు వర్ణించిన పద్ధతికి చాలా దగ్గరగా ఉన్న ఆరోపణను అమెరికా న్యాయశాఖ 2022 మార్చిలో గూగుల్‌పై చేసింది. సెర్చ్ వ్యాపారంలో గుత్తాధిపత్యం గురించిన కేసులో, ‘కమ్యూనికేట్ విత్ కేర్’ అనే శిక్షణలో ఉద్యోగులకు ఇలాగే నేర్పారని, సీసీలో ఉన్న న్యాయవాది నోరు విప్పని ఈమెయిల్స్ ఎన్నో ఆపేశారని ప్రభుత్వం చెప్పింది. తాము తప్పు చేయలేదని గూగుల్ వాదించింది. జడ్జి అమిత్ మెహతా జరిమానా లాంటి చర్యకు ఒప్పుకోలేదు. అయితే 2024 ఆగస్టు 5న గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలుపుకుందని తీర్పు ఇస్తూ, నియంత్రణ సంస్థలకూ దావాదారులకూ రాతపూర్వకమైన జాడ మిగలకుండా చేయడానికి ఆ సంస్థ ఎంత దూరం వెళ్లిందో చూసి విస్తుపోయానని రాశారు. ఈసారి శిక్ష తప్పిందని, మరో కేసులో అదృష్టం ఇలా కలిసిరాకపోవచ్చని హెచ్చరించారు. 24 గంటల్లో చెరిగిపోయేలా ఉంచిన చాట్ సంభాషణల విషయం కూడా ఆ తీర్పులో ఉంది. ఈమెయిల్‌పై అక్కర్లేని ముద్ర వేయడం, చాట్‌ను చెరిగిపోనివ్వడం ఒకే అలవాటుకు రెండు ముఖాలని నా అభిప్రాయం.

ఆపిల్ సంగతి ఇంకా కటువుగా తేలింది. యాప్ స్టోర్ నిబంధనలపై ఎపిక్ గేమ్స్ వేసిన కేసులో, కోర్టు ఉత్తర్వును ఆ సంస్థ సరిగా అమలు చేసిందా లేదా అన్న విచారణలో వేలాది పత్రాలను గోప్యం అంటూ ఆపేసింది. మళ్లీ పరిశీలించమని ఆదేశించాక ఐదింట రెండు వంతులకు పైగా వాటిలో గోప్యత కోరికను తానే వదులుకుంది. విచారణను ఆలస్యం చేయడానికీ, నిర్ణయాలు ఎలా జరిగాయో కనబడకుండా చేయడానికీ గోప్యతను దుర్వినియోగం చేశారని జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ 2025 ఏప్రిల్ 30న నిర్ధారించి, ఆ పరిశీలనకు అయిన ఖర్చును ఆపిల్ మీద వేశారు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా పాఠం నేర్పిన కేసు మాత్రం ఒక మందుకు సంబంధించినది. కీళ్ల నొప్పులకు వాడిన వయాక్స్ అనే మాత్రను, గుండెపోటు ముప్పు పెరుగుతోందని తేలడంతో మెర్క్ సంస్థ 2004 సెప్టెంబరు 30న మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. తరువాత వేలాది దావాలు న్యూ ఆర్లీన్స్‌లోని జడ్జి ఎల్డన్ ఫాలన్ ముందుకు వచ్చాయి. మెర్క్ సుమారు 30,000 పత్రాలను గోప్యం అంది. అవి 81 పెట్టెలు, దాదాపు 5 లక్షల పేజీలు. ఆ జడ్జి వాటన్నిటినీ తానే కూర్చుని చదివారు. ఆ పద్ధతిని పైకోర్టు అంగీకరించక, సుమారు 2,000 నమూనా పత్రాలను ఎంచుకుని మళ్లీ పరిశీలించమని సూచించింది. అప్పుడు గోప్యత చట్టంలో నిపుణుడైన ప్రొఫెసర్ పాల్ రైస్‌ను ప్రత్యేకాధికారిగా వేశారు. మందుల పరిశ్రమపై ప్రభుత్వ నియంత్రణ అడుగడుగునా ఉంటుంది గనుక తాము రాసే ప్రతి కాగితానికీ చట్టపరమైన ఫలితం ఉంటుందని, కాబట్టి న్యాయవాదులు చూసినవన్నీ గోప్యమేనని మెర్క్ వాదన. దీన్ని ఒప్పుకుంటే ఆ పరిశ్రమ లోపలి సంభాషణల్లో చాలా భాగానికి పూర్తి రక్షణ ఇచ్చినట్టు అవుతుందని ఆయన తోసిపుచ్చారు. ఒకే ఈమెయిల్‌ను ఒకేసారి న్యాయవాదికీ, శాస్త్రవేత్తలకూ, మార్కెటింగ్ వారికీ పంపి అందరి అభిప్రాయం అడిగినప్పుడు, దాని ప్రధాన ఉద్దేశం న్యాయసలహా అని చెప్పడం కష్టమన్నారు. నిజమైన న్యాయసలహా ఉన్న కాగితాలకు రక్షణ ఇచ్చారు కూడా. 2007 ఆగస్టులో జడ్జి ఆ నివేదికను ఆమోదించారు. నవంబరులో మెర్క్ 485 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది.

మీ వరకు రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, సంస్థ న్యాయవాది సంస్థకే న్యాయవాది, మీకు కాదు. ఉద్యోగులు కంపెనీ న్యాయవాదితో మాట్లాడిన మాటలకూ గోప్యత ఉంటుందని 1981లో అప్‌జాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ గోప్యత కంపెనీ సొత్తు. తనకు లాభమనిపించిన రోజున కంపెనీ దాన్ని వదులుకుని మీ మాటలను ప్రభుత్వానికి అప్పగించవచ్చు, మీరు అడ్డుచెప్పలేరు. రెండోది, అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. సంభాషణకే రక్షణ, వాస్తవాలకు కాదు. రేపు మిమ్మల్ని ప్రమాణం చేయించి ప్రశ్నిస్తే, ‘వకీలుకు ఏమి రాశారు’ అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవచ్చు గానీ, ‘మీకు ఏమి తెలుసు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే. కనుక సలహా కావలసిన చోట ప్రశ్నను స్పష్టంగా, విడిగా, ఆ న్యాయవాదికే రాయండి. తక్కిన చోట ఆ ముద్ర వేయకండి. మీ పై అధికారి గట్టిగా వేయమంటే, ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి.

ప్రశ్న: ఇన్ని అనర్థాలు జరుగుతున్నప్పుడు ఈ గోప్యతనే చట్టం నుంచి తీసివేస్తే సరిపోదా? - ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: తీసివేస్తే కంపెనీల కన్నా ముందు దెబ్బతినేది మీరూ నేనూ. పోలీసు స్టేషన్‌కు పిలిపించిన కుర్రవాడు తన ప్లీడరుతో భయం లేకుండా నిజం చెప్పుకోలేకపోతే, ఆ ప్లీడరు అతని కోసం ఏమీ చేయలేడు. ఈ ప్రమాదం ఊహలోనిది కాదు. 2025 జూన్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు సమన్లు పంపి, న్యాయవాద సంఘాల నిరసన తరువాత వెనక్కి తీసుకుంది. ఆ నేపథ్యంలో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని తనంత తానుగా చేపట్టి, 2025 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. చట్టంలోని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, కక్షిదారు వివరాల కోసం దర్యాప్తు అధికారి న్యాయవాదిని పిలవకూడదని, పిలిచినా పై అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలని చెప్పింది.

ఆ మినహాయింపులు కొత్తవి కావు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్‌లో ఉన్నవే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్‌లోకి వచ్చాయి. చట్టవిరుద్ధమైన పనిని ముందుకు నడిపేందుకు చేసిన సంభాషణకు రక్షణ లేదు. న్యాయవాది తన పని మొదలుపెట్టిన తరువాత జరుగుతున్న నేరం గానీ మోసం గానీ అతని కంట పడితే, ఆ వాస్తవానికీ రక్షణ లేదు. జరిగిపోయిన తప్పుకు సలహా అడగడం వేరు, జరగబోయే తప్పుకు వకీలును పనిముట్టుగా వాడుకోవడం వేరు. మొదటిది హక్కు, రెండోది నేరం. గీత ఎక్కడ గీయాలో మన చట్టానికి తెలుసు. ఆ గీతను కంపెనీలు దాటినప్పుడు గుర్తుపట్టే ఓపిక కోర్టులకు కావాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో లీగల్ మేనేజరుగా జీతానికి పనిచేస్తున్నాను. నాకు ఎల్‌ఎల్‌బీ ఉంది. నేను యాజమాన్యానికి ఇచ్చే సలహాలకు గోప్యత ఉంటుందా? - ఒక పాఠకుడు

జవాబు: 132వ సెక్షన్ కింద ఉండదు. పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేసేవారు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదన్నది బార్ కౌన్సిల్ నియమం. పైన చెప్పిన 2025 తీర్పులోనే సుప్రీంకోర్టు దాన్ని గుర్తుచేసి, కోర్టులో ప్రాక్టీసు చేయని సంస్థాగత న్యాయసలహాదారులకు ఆ రక్షణ వర్తించదని స్పష్టం చేసింది. మీ కంపెనీ తరఫున బయటి న్యాయవాదికి మీరు రాసినదానికి 134వ సెక్షన్ కింద పరిమితమైన రక్షణ ఉంది. మీకూ యాజమాన్యానికీ మధ్య నడిచినదానికి అది కూడా లేదు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కూడా పోటీ చట్టం దర్యాప్తుల విషయంలో 2010 సెప్టెంబరులో అక్జో నోబెల్ కేసులో ఇదే దారి పట్టింది. జీతం ఇచ్చే యజమాని నుంచి ఆ ఉద్యోగి నిజంగా స్వతంత్రుడు కాలేడన్నది దాని హేతువు. అమెరికా చట్టం దీనికి భిన్నం. ఆ దేశపు కంపెనీల శాఖల్లో పనిచేసే మనవాళ్లు అక్కడి అలవాటును ఇక్కడికి తెచ్చుకుని, తమ ఈమెయిల్స్ అన్నీ భద్రమనుకుంటున్నారు. కావు.

ప్రశ్న: విశాఖపట్నంలో నాకు చిన్న కర్మాగారం ఉంది. కొన్న యంత్రం ఆరు నెలల్లో పేలిపోయి, పనివాడికి చేయి కాలింది. తయారీ సంస్థ ఇంజనీరు మూడో రోజునే వచ్చి పరిశీలించి నివేదిక రాశాడు. ఇప్పుడు పరిహారం కోసం దావా వేస్తే, ఆ నివేదిక తమ న్యాయవాదులకు అప్పగించామని, అది గోప్యమని సంస్థ అంటోంది. నేనేం చేయాలి? - ఒక పాఠకుడు

జవాబు: ముందుగా, ఆ మాటకు బెదరకండి. వకీలు బల్ల మీదికి చేరినంత మాత్రాన ఏ కాగితమూ రహస్యం అయిపోదు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ‘మూడో రోజునే’ అన్నది. అప్పటికి దావా లేదు. యంత్రం ఎందుకు పేలిందో తెలుసుకుని, మిగిలిన యంత్రాలు పేలకుండా చూసుకోవడం ఏ తయారీదారైనా చేయవలసిన పని. ఆ పనికోసం రాసిన నివేదిక న్యాయసలహా కాదు.

ఇచ్చుమించు మీ కథే ఇంగ్లండులో ఒకసారి జరిగింది. రైలింజన్ల ఢీలో భర్తను కోల్పోయిన వా అనే ఒకామె బ్రిటిష్ రైల్వేస్ బోర్డుపై దావా వేశారు. ప్రమాదం జరిగిన వెంటనే బోర్డు అధికారులు ఒక నివేదిక తయారుచేశారు. ‘బోర్డు సొలిసిటర్ సమాచారం కోసం’ అని దాని తలమీదే రాసి ఉంది. ఆ ముద్ర చూపి బోర్డు ఇవ్వనంది. 1979లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ముద్రను పట్టించుకోలేదు. ప్రమాద కారణాన్ని కనిపెట్టి భద్రత పెంచుకోవడం కూడా ఆ నివేదికకు సమానమైన ఉద్దేశమే గనుక, న్యాయసలహా పొందడం దాని ప్రధాన ఉద్దేశం కాదు గనుక, ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. ఇంగ్లండు తీర్పులు మన కోర్టులను బంధించవు గానీ, ఈ వా కేసును మీ న్యాయవాది కోర్టు దృష్టికి తీసుకురావచ్చు. దానికన్నా బలమైన ఆధారం మన దగ్గరే ఉంది. కక్షిదారు దగ్గర గానీ న్యాయవాది దగ్గర గానీ ఉన్న పత్రాన్ని కోర్టులో హాజరుపరచడానికి 132వ సెక్షన్ గోప్యత అడ్డురాదని సుప్రీంకోర్టు 2025 తీర్పులో చెప్పింది. అభ్యంతరం ఉంటే పత్రం కోర్టుకు తెచ్చాకే చెప్పుకోవాలి, దాన్ని తేల్చేది కోర్టే.

మీ న్యాయవాదితో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద దరఖాస్తు వేయించండి. ప్రతివాది తన దగ్గరున్న పత్రాలన్నిటినీ ప్రమాణపత్రంలో చూపాలని మొదట అడగాలి. తరువాత ఈ నివేదికను హాజరుపరచమని అడగాలి. గోప్యమని వారు అడ్డుచెబితే, అదే ఆర్డరులోని 19వ నియమం కింద జడ్జి స్వయంగా ఆ కాగితాన్ని చూసి ఆ అడ్డు చెల్లుతుందో లేదో తేల్చే అధికారం ఉంది. చాలామంది ఈ నియమాన్ని అడగనే అడగరు, కోర్టులు కూడా తమంత తాముగా వాడడం తక్కువ. కనుక దరఖాస్తులో నియమం సంఖ్యతో సహా రాయించండి. ఆదేశం ఇచ్చాక కూడా ఇవ్వకపోతే, 21వ నియమం కింద ప్రతివాది రక్షణ వాదననే కొట్టివేయమని కోరవచ్చు. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని ఒక పక్షం బయటపెట్టకపోతే, అది ఆ పక్షానికి ప్రతికూలంగా ఉండేదని కోర్టు భావించవచ్చని సాక్ష్య అధినియమ్ 119వ సెక్షన్ చెబుతోంది. అది కూడా మీ వాదనలో ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవారు ఇలాంటి పరిస్థితిలో పడితే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కూ ఉన్నాయి.

నివేదిక ఎప్పటికీ దొరకదనుకున్నా, దాన్ని రాసిన ఇంజనీరు ఉన్నాడు. అతడు సంస్థ వకీలుతో ఏమన్నాడో మీరు అడగలేరు. యంత్రంలోని ఏ భాగం విరిగి ఉంది, తాను ఏ ఫొటోలు తీశాడు, ఏ ముక్కను సంచిలో వేసుకుని తీసుకుపోయాడు అని బోనులో నిలబెట్టి అడగవచ్చు. అతడు వచ్చిన రోజు, సమయం, అప్పుడు అక్కడున్న పనివాళ్ల పేర్లు ఇప్పుడే ఒక పుస్తకంలో రాసి, వారి చేత సంతకాలు చేయించండి. పేలిన యంత్రాన్ని మరమ్మతుకు గానీ పాత ఇనుముకు గానీ ఇవ్వకుండా, ఉన్న చోటనే కప్పి ఉంచండి. ఆ ఇంజనీరు తీసుకుపోయిన ముక్కను భద్రపరచమని సంస్థకు ఈ వారమే రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి.